రెండవ సిగ్నలు

పనిలోనున్న ప్రోగ్రామును మధ్యలో పిలుచుటెట్లు? అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో 1969లో పుట్టిన యునిక్స్ వ్యవస్థలో ఇందుకు సిగ్నళ్లు వాడిరి. సిగ్నలనగా ఒక చిన్న సంఖ్య మాత్రమే. ఆపు మీట నొక్కినచో 2వది వెళ్లును. 9వది తిరుగులేని మరణాజ్ఞ. సిగ్నలు రాగానే, వ్యవస్థకు గుండెవంటి కెర్నెల్ ఆ ప్రోగ్రాము పేర ఒక గుర్తు పెట్టుకొనును. దానికి మరల పని అప్పగించునపుడు ఆ గుర్తు చూచి, ప్రోగ్రాము ముందుగా చెప్పియుంచిన ఉపప్రోగ్రామును నడిపించును. అది ముగిసిన పిదప ప్రోగ్రాము విడిచిన చోటనుండి సాగును. ఏమియు చెప్పియుంచనిచో, చాల సిగ్నళ్లకు ఫలితము మరణమే.

చిక్కంతయు ఇచ్చటనే కలదు. 1979 నాటి ఏడవ కూర్పులో సిగ్నలు అందగానే ఆ ఏర్పాటు సామాన్యముగా రద్దగుచుండెను. ఉపప్రోగ్రాము దానిని మరల నెలకొల్పుకొనవలెను. ఆ రెప్పపాటులో అదే సిగ్నలు రెండవమారు వచ్చినచో, ఏ తప్పును చేయని ప్రోగ్రాము చచ్చెడిది! ఇట్టి లోపము పరీక్షలకు దొరకదు. వేయిమార్లు చక్కగా నడచి ఒకమారు కూలును.

1983లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమువారు తమ 4.2 కూర్పులో దీనిని సరిదిద్దిరి. ఉపప్రోగ్రాము నడుచునంతసేపు అదే సిగ్నలు వాకిట నిలిచియుండును, ఏర్పాటు చెదరదు. 1988 నాటి పోసిక్స్ ప్రమాణములోను ఈ సౌకర్యము చేరినది. అయితే వాకిట నిలుచునది గుర్తు మాత్రమే గనుక, అవే సిగ్నళ్లు పది వచ్చినను లోనికి పోవునది ఒక్కటే.