స్కైలాబ్ భయం పల్లె భ్రమేనా? పెద్దదోర్నాల జ్ఞాపకాల ఆధారంగా పునఃపరిశీలన

1979 జూలైలో తెలుగు పల్లెలను వణికించిన నాసా అంతరిక్ష స్టేషను స్కైలాబ్ గురించి రాసినవారిలో చాలామంది కోళ్లూ మేకలూ కోసుకు తిన్న ముచ్చట దగ్గరే ఆగిపోయారు. 2021లో వచ్చిన ‘స్కైలాబ్’ సినిమా కూడా కరీంనగర్ వైపు పల్లెనే తీసుకుంది. అప్పటి ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లను పలకరించినవారు నాకు కనబడలేదు. పేరు అనవసరం గానీ, ఒక జానపద పరిశోధకుడు ఆ భయాన్ని చదువులేనివారి మూఢనమ్మకంగా తేల్చేశారు. ఆ తీర్పును నేను ఒప్పుకోను. శ్రీశైలం ఘాట్‌కు ముందు వచ్చే పెద్దదోర్నాల కూడలిలో పెద్దవయసువారిని కదిపితే వాళ్లు శాపం గురించి చెప్పలేదు, చెడిపోయిన మిషను గురించి చెప్పారు. ఆయన వాదనలో ఈ మాటకు చోటే లేదు.

ఆ మిషను పైకి లేస్తూనే చెడింది. 1973 మే 14న శాటర్న్-5 రాకెట్ మీద ఎగిరిన 63 సెకన్లకే ఉల్కారేణువుల నుంచి కాపాడే కవచం ఊడింది. ఆ దెబ్బకు ఒక సౌర రెక్క పోయింది. రెండోది రేకు ముక్క అడ్డుపడి తెరుచుకోలేదు. లోపల వేడి 50 డిగ్రీలు దాటింది. మర్నాడే బయలుదేరాల్సిన వ్యోమగాములు పీట్ కాన్రాడ్, జోసెఫ్ కెర్విన్, పాల్ వైట్జ్ మే 25 దాకా ఆగారు. చేరిన రోజే వైట్జ్ నౌక తలుపులోంచి నడుము దాకా బయటికొచ్చి కొక్కెం కర్రతో రెక్కను లాగాడు. కెర్విన్ ఆయన కాళ్లు పట్టుకున్నాడు. రెక్క కదల్లేదు. ఆపైన నౌకను స్టేషనుకు తగిలించబోతే పదేపదే విఫలమైంది. తగిలించే పరికరాన్ని విప్పి సరిచేశాకే కుదిరింది. మర్నాడు చిన్న ద్వారం గుండా ఎండను ఆపే గొడుగును బయటికి తోసి విప్పితే వేడి తగ్గింది. జూన్ 7న కాన్రాడ్, కెర్విన్ పొడవాటి కర్రకు బిగించిన కత్తెరతో ఆ రేకును కోశారు. తాడు కట్టి బలంకొద్దీ లాగేసరికి రెక్క ఒక్క ఉదుటున విడిపోయి ఇద్దరినీ విసిరేసింది. నడుములకున్న తాళ్లే కాపాడాయి. 28 రోజుల తర్వాత, జూన్ 22న ముగ్గురూ భూమికి దిగారు.

దోర్నాల వాసుల భయాన్ని తూచాల్సింది ఈ చరిత్రతోనే. స్కైలాబ్ కక్ష్య భూమధ్యరేఖకు అటూ ఇటూ 50 డిగ్రీల దాకా సాగేది; దోర్నాల ఉన్నది 16వ డిగ్రీకి దగ్గర. డెబ్బై టన్నులకు పైబడిన ఆ స్టేషను ఎక్కడ పడేదీ నాసాయే చెప్పలేకపోయింది. ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒకటని తానే లెక్కగట్టింది. జూలై 11న దాన్ని సముద్రంలోకి మళ్లించాలని చూసినా, శకలాలు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరాన్స్ చుట్టుపక్కల రాలాయి.

దానికి రెండు నెలల ముందు, మే 12న, ఒంగోలు తీరాన్ని తుపాను కొట్టింది. 1977 దివిసీమ ఉప్పెన గాయమూ మానలేదు. రేడియో హెచ్చరికను పెడచెవిన పెడితే ప్రాణాలు పోతాయని ఈ జిల్లా తెలుసుకున్న కాలమది. అదే రేడియో ఆకాశం నుంచి ఇనుము రాలుతుందంటే నమ్మడం వివేకమే. యుగాంతం పుకార్లూ చెలరేగిన మాట నిజమే. స్టేషను కుంగింది ఎగిరినప్పటి లోపం వల్ల కాదు, సూర్యుడి ఉద్ధృతికి పైవాతావరణం ఉబ్బడం వల్లేననీ నాకు తెలుసు.

అయినా నా నిర్ధారణ మారదు. తెలుగు సమాజంలో సాంకేతికతపై ఒక ప్రజావిమర్శ ఆ జూలైలో, ఇలాంటి కూడళ్లలో పుట్టింది. పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్న కుటుంబాలను కూడా ఈ కోణంలోనే మళ్లీ అధ్యయనం చేయాలి.