పాతర, గుమ్మి, గిడ్డంగి: ఎలుక వెంట నడచిన బద్దెపురుగు

పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో వానను నమ్ముకొని సేద్యము చేసిన రైతు, పండిన యేట తినగా మిగిలిన జొన్నను పండని యేటికై దాచుకొనుటకు, నీరు చేరని మెరక నేలలో గొయ్యి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పఱచి, నోటిని మట్టితో మూసి పాతర వేయుచుండెను. పాతర తెఱచిన వెంటనే లోనికి దిగరాదని పెద్దలు హెచ్చరించుచుండిరి. ఏలయన మూతబడిన ధాన్యము లోపలి ప్రాణవాయువును హరించి, మనిషిని చంపగల గాలిని నింపియుంచును. ఆ గాలియే గింజను పురుగునుండి కాపాడెడిది. కఱవు భయమునుండి పుట్టిన ఈ యుపాయము మన పూర్వుల బుద్ధిసంపదలో నుత్తమమైనదని నా విశ్వాసము.

ఇంటి గుమ్మి సంగతి వేఱు. తడికెలల్లి పేడమట్టితో నలికిన గుమ్మి చుట్టును ఎలుక చేరెను. ఎలుక కొఱకు పిల్లి చేరెను. పిల్లి ప్రేగులలో దాగి బద్దెపురుగు, ఎవరి కంటను బడకయే, ఇల్లు చొచ్చెను. పిల్లి మలముతో వెలువడిన దాని గ్రుడ్లు దుమ్ముతో గలిసి ఎలుక నోట బడగా, అందలి సూక్ష్మజీవి ప్రేగును దొలిచి, రక్తమార్గమున కాలేయమును జేరి, తెల్లని తిత్తిలో ముడుచుకొని లార్వాగా పెరుగును. తిత్తిని జీల్చి విప్పినచో మడతలు పడిన తెల్లని పట్టీవలె సాగును. ఆ యెలుకను పిల్లి తినినగాని దాని జీవితము పూర్తిగాదు.

1808లో రుడాల్ఫీ యను జర్మను పండితుడు ఈ లార్వాకు వేఱొక జంతువన్నట్లు నామకరణము చేసెను. అది పిల్లి బద్దెపురుగు బాల్యావస్థయే యని తేలుటకు ఆ శతాబ్ది మధ్యభాగము రావలసివచ్చెను. 1920లో న్యూయార్కు నగరమున బుల్లక్, కర్టిస్ అనువారు ఈ పురుగు గ్రుడ్లను ఎలుకలకు తినిపించి, వాని కాలేయములలో క్యాన్సరు పుట్టించి చూపిరి. మనుష్యునకు ఇది సోకుట మాత్రము అత్యంత విరళము.

పొలములందలి కథ ఇంటి కథకంటె ప్రాచీనము. అచ్చట పిల్లి స్థానమున బావురుపిల్లి యున్నది. పందికొక్కులును చేని యెలుకలును గట్లక్రింద కలుగులు త్రవ్వి వెన్నులను దాచును. వాల్టర్ ఇలియట్ దొర, అమరావతి శిల్పములను వెలికితీయుటకు పూర్వము, ధార్వాడ ప్రాంతపు జంతువులను గూర్చి 1839లో ప్రకటించిన వ్యాసమున, వడ్డెరలు కొక్కులను పట్టి తినుటయు, వాని కలుగులను త్రవ్వి ధాన్యమును రాబట్టుకొనుటయు వర్ణించెను. చెఱువులు త్రవ్విన చేతులే కఱవు దినములలో నేల గర్భమునుండి తమ బువ్వను త్రవ్వుకొన్నవి. దీనిని నీచవృత్తిగా దలచుట నాకు సమ్మతము గాదు. కలుగు జాడను జూచి లోపలి గింజను అంచనా కట్టుట శాస్త్రజ్ఞానమే.

1967లో నాగార్జునసాగరము ఎడమకాలువకు నీరు వదలగా నల్లగొండ దక్షిణభాగము మాగాణి యయ్యెను. జొన్న తగ్గి వరి పెరిగెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు నెలవయ్యెను. కోసిన పంట కళ్లమునుండియే అమ్ముడుపోవుటచే పాతరతో రైతునకు పని లేకపోయెను. ధాన్యము బస్తాలలో గుట్టలు పడిన గిడ్డంగిలో ఎలుకకు ఏడాది పొడవునను తిండియే.

అచ్చట మఱియొక బద్దెపురుగునకు గూడ చోటు గలదు. ఇది పెద్దదై ఎలుక ప్రేగులలోనే యుండును. దీని లార్వా ధాన్యపు పెంకుపురుగులో పెరుగును. పురుగుపట్టిన పిండి, పప్పుల మూలమున నిది చిన్నపిల్లలకు సోకిన సందర్భములు మన దేశమున గలవు. గింజను ఎండబోసి, చెరిగి, జల్లించి, పెంకుపురుగును ఏఱి పాఱవేసిన మన స్త్రీలు ఈ పురుగు పేరెఱుగరు. అయినను ఎలుకనుండి బిడ్డకు అది నడచు త్రోవను ప్రతిదినమును త్రెంచినవారు వారే.