గాజువాక హెచ్‌విడిసి కేంద్రం

గాజువాక హెచ్‌విడిసి కేంద్రం ఆంధ్ర ప్రదేశ్ లోని విశాఖపట్నంలో ఉన్న విద్యుత్ పరివర్తన కేంద్రం. భారతదేశపు తూర్పు, దక్షిణ విద్యుత్ గ్రిడ్లను కలుపుటకు పవర్ గ్రిడ్ కార్పొరేషన్ దీనిని నెలకొల్పినది. 500 మెగావాట్ల మొదటి విభాగం 1999లో, అంతే సామర్థ్యం గల రెండవ విభాగం 2005లో ప్రారంభమైనవి. తూర్పు వైపున ఇది 400 కిలోవోల్టుల లైన్ల ద్వారా ఒడిషాలోని జయపురంతో అనుసంధానమై ఉన్నది.

నేపథ్యం

రెండు గ్రిడ్ల పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లకు చేరువలోనే ఉన్నా, ఆ కాలంలో అవి ఒకదానితో ఒకటి సరిగా కలిసేవి కావు. అటువంటి గ్రిడ్లను ఏకాంతర విద్యుత్ (ఏసీ) లైనుతో నేరుగా కలపడం సాధ్యం కాదు. అందువలన ఒకవైపు విద్యుత్తును ఏకముఖ విద్యుత్తు (డీసీ)గా మార్చి, అదే ఆవరణలో తిరిగి రెండవ వైపు పౌనఃపున్యం గల ఏసీగా మార్చే పద్ధతిని అనుసరించారు.

పనిచేసే విధానం

మూడు ఫేజుల ఏసీని ఆరు థైరిస్టరు వాల్వుల వంతెన డీసీగా మారుస్తుంది. ఇటువంటి కేంద్రాలలో రెండు వంతెనలను వరుసగా కలిపి, ఒకదానికి స్టార్-స్టార్, మరొకదానికి స్టార్-డెల్టా ట్రాన్స్‌ఫార్మరు ద్వారా విద్యుత్తును అందిస్తారు. రెండింటి మధ్య 30 డిగ్రీల తేడా వలన ఒక ఆవృత్తిలో 12 స్పందనలు కలుగుతాయి. 5వ, 7వ హార్మోనిక్స్ పరస్పరం రద్దయి, 11వ, 13వ వాటి నుండి మాత్రమే మిగులుతాయి. దీనితో ఫిల్టర్ల పరిమాణం, హార్మోనిక్స్ వలన యంత్రాలలో పుట్టే అదనపు వేడి తగ్గుతాయి.

నష్టాలు, వాటి తగ్గింపు

హెచ్‌విడిసిలో ఒక్కొక్క పరివర్తనకు నష్టం సాధారణంగా 0.7 శాతం వరకు ఉంటుంది. రెండు పరివర్తనలకు కలిపి 500 మెగావాట్లకు ఇది సుమారు 7 మెగావాట్లు. ఇందులో అధిక భాగం ట్రాన్స్‌ఫార్మర్లలోను, థైరిస్టర్లలోను జరుగుతుంది.

థైరిస్టర్లను వెలిగించే కోణం పెరిగిన కొద్దీ కన్వర్టరు గ్రహించే రియాక్టివ్ పవర్ పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు టాప్ ఛేంజరుతో వోల్టేజిని సవరించి ఈ కోణాన్ని తక్కువగా ఉంచుతారు. మిగిలిన అవసరాన్ని ఫిల్టర్లు, కెపాసిటర్లు తీరుస్తాయి.

మధ్యలో దూరపు లైను లేనందున అధిక డీసీ వోల్టేజి అవసరం లేదు. మొదటి విభాగపు వోల్టేజి 205 కిలోవోల్టులు. పూర్తి సామర్థ్యంలో కరెంటు సుమారు 2,440 ఆంపియర్లు. వోల్టేజి తక్కువైనందున వరుసలో ఉంచవలసిన థైరిస్టర్ల సంఖ్య, ఇన్సులేషన్ ఖర్చు తగ్గుతాయి.

ప్రాముఖ్యత

డీసీ అనుసంధానం ద్వారా ఒక గ్రిడ్‌లోని పౌనఃపున్య పతనం రెండవదానికి నేరుగా పాకదు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినపుడు, వాటితో డీసీ ద్వారా మాత్రమే కలిసి ఉన్న దక్షిణ గ్రిడ్ నిలిచి ఉన్నది. పరివర్తనలో పోయే కొద్ది శాతం విద్యుత్తు ఈ రక్షణకు చెల్లించే మూల్యమని చెప్పవచ్చు.

2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో ఏసీ ద్వారా అనుసంధానమైనది. అప్పటి నుండి పౌనఃపున్య భేదం తొలగినను, నిర్దేశించిన పరిమాణంలో విద్యుత్తును పంపగలగడం ఇటువంటి కేంద్రాల ప్రయోజనంగా మిగిలి ఉన్నది.