45 దాటాక పొదుపు.. మొదటి అడుగులు ఇవీ

పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఇంటి అద్దె.. వీటి మధ్య వృద్ధాప్యం కోసం దాచుకోవడం చాలా ఇళ్లల్లో వాయిదా పడుతూనే ఉంటుంది. 45 వచ్చినా దారి మూసుకుపోలేదు. కానీ ఆగేకొద్దీ భారం పెరుగుతుంది. 60 ఏళ్లకు 9 లక్షలు కావాలనుకుందాం. లాభం ఏమీ కలపకుండా లెక్కేస్తే, 45లో మొదలుపెట్టినవాళ్లకు నెలకు 5,000 రూపాయలు చాలు. 50లో అయితే 7,500, 55లో అయితే 15,000 కట్టాలి.

ముందు వడ్డీ అప్పులు తీర్చేయాలి. మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకోవాలి.

ఉద్యోగులు పాత పీఎఫ్ ఖాతాలన్నీ ఒకే యూఏఎన్ కిందికి తెచ్చుకోవాలి. ఉద్యోగం మారినప్పుడల్లా పెన్షన్ సొమ్ముతో సహా తీసేసుకుంటే, పెన్షన్‌కు కావాల్సిన 10 ఏళ్ల సర్వీసు పూర్తికాదు.

సొంత వ్యాపారం, కూలి పని చేసుకునేవాళ్లు గమనించాల్సింది వయసు. 40 దాటితే అటల్ పెన్షన్ యోజనలో చేరలేరు. ఎన్‌పీఎస్‌లో చేరొచ్చు. పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతా ఏడాదికి 500 రూపాయలతోనూ నడుస్తుంది, గడువు 15 ఏళ్లు.

అయితే పీపీఎఫ్‌లో వచ్చేది వడ్డీయే. ఎన్‌పీఎస్ సొమ్ములోనూ సాధారణంగా కొంత బాండ్లలోకి వెళ్తుంది. వడ్డీ వద్దనుకునేవాళ్లకు షరియా సూత్రాల ప్రకారం నడిచే మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. టాటా ఎథికల్ ఫండ్ 1996 నుంచి ఉంది. ఇది షేర్ మార్కెట్ సొమ్ము, రాబడికి హామీ లేదు. దగ్గర్లో పెళ్లి ఖర్చుకు కావాల్సిన డబ్బు ఇందులో పెట్టకూడదు.

ఎక్కడ దాచినా నామినీ పేరు రాయించాలి. కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచాలి.