రెండోసారి

పాడేరు కొండల్లో డిసెంబరు రాత్రి. పొయ్యి దగ్గర మీ ఏడేళ్ల కొడుకు రాగిజావ తాగుతున్నాడు, కుడిచేత్తో! నిరుడు పక్షవాతానికి పడిపోయిన చెయ్యి అది. రోజూ చిక్కుడు గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఏరించి ఏరించి ఆ వేళ్లకు పట్టు తెప్పించారు మీరు. చెయ్యి వచ్చేస్తోందన్న ధీమాతోనే, ఈ నెల రక్తం కాఫీ కోతలయ్యాక ఎక్కిద్దాంలే అనుకున్నారు. తారీఖు దాటి రెండు వారాలైంది.

జావ మూతి పక్కనుంచి కారుతోంది.

"ఏమైంది నాన్నా?"

మాట ముద్దగా వస్తోంది.

"రెండు చేతులూ ఎత్తు."

కుడిది లేచింది. ఎడమది లేవలేదు. ఇన్నాళ్లూ బాగున్న చెయ్యి.

"గాలి సోకింది, తెల్లారనీ" అంటూ అత్త నీళ్లు పట్టబోతోంది. వద్దు. మింగలేడు, పొలమారుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. టైము ఎనిమిదీ పది. 108కి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే.

ఘాట్ రోడ్డు. మలుపు. మళ్లీ మలుపు.

చెయ్యి బాగుపడింది కదా, మళ్లీ ఎందుకొచ్చింది? వాడిది సికిల్ సెల్ రక్తం. కణాలు కొడవలిలా వంగి, బిరుసెక్కి, మెదడుకెళ్లే నాళాలను పాడుచేస్తాయి. గింజలేరిన వేళ్లు కోలుకున్నా, లోపల ఆ నాళాలు ఇరుకుగానే ఉన్నాయి. రక్తం ఎక్కించకపోతే, ఒకసారి పక్షవాతం వచ్చిన ఇలాంటి పిల్లల్లో సగానికి పైగా మళ్లీ పడిపోతారు. ఎక్కువమంది రెండు మూడేళ్లలోపే. మూడు నాలుగు వారాలకోసారి ఎక్కిస్తూ, వంకర కణాలకు కారణమయ్యే హిమోగ్లోబిన్‌ను 30 శాతం లోపు ఉంచితే ఆ ముప్పు పూర్తిగా పోకపోయినా, బాగా తగ్గుతుంది.

విశాఖ. కేజీహెచ్, పెద్దాసుపత్రి. స్కాన్ అయింది. ఒక చేతి నుంచి వాడి రక్తం తీస్తున్నారు, ఇంకో చేతికి మంచి రక్తం ఎక్కిస్తున్నారు. తియ్యడం దేనికి? తియ్యకుండా ఎక్కిస్తూ పోతే రక్తం చిక్కబడి మెదడుకి ఇంకా చేటు.

"ఈ చెయ్యి కూడా వస్తుందా అమ్మా?" డాక్టరమ్మని అడుగుతున్నారు.

"ఎంతవరకో ఇప్పుడే చెప్పలేను. కాస్త నిలకడగా ఉంటే రేపే ఫిజియోథెరపీ మొదలుపెడదాం. రక్తం తారీఖు మాత్రం దాటించొద్దు."

"వానకి దారి మూసుకుపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

ఆవిడ మీ చేతిలోని రక్తం తారీఖుల కార్డు తీసుకుని, వెనక నంబరు రాస్తోంది.