సంచుల్లో పుట్టిన రంగులు: మోర్గాన్ డాలర్ల టోనింగ్ చరిత్ర

వెండి నాణెం మీద కాలక్రమంలో ఏర్పడే రంగుల పొరను నాణేల సేకర్తలు టోనింగ్ అంటారు. ఇంట్లోని వెండి గిన్నె నల్లబడడానికీ, పాత డాలరు అంచున పసుపు, ఊదా, నీలి వలయాలు తేలడానికీ మూలకారణం ఒక్కటే అయినా, మొదటిదాన్ని విభూతితోనో చింతపండుతోనో తోమి వదిలించుకుంటారు, రెండోదానికి వేలంపాటల్లో మామూలు నాణెం వెలకు అనేక రెట్లు చెల్లిస్తారు. ఇంత ధర పలకడం మొదలయ్యాక, ఏళ్ల తరబడి ఏర్పడవలసిన రంగును గంటల్లో పుట్టించే విద్య కూడా వృద్ధిచెందింది. సహజమైన టోనింగ్‌కూ కృత్రిమమైనదానికీ మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి, అమెరికాలో 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో ముద్రితమైన మోర్గాన్ డాలరు చరిత్రకు మించిన ఆధారం మరొకటి కనిపించదు.

వెండి మామూలు పరిస్థితుల్లో ఆక్సిజన్‌తో తేలిగ్గా కలవదు కాని, గాలిలో అతిస్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి గంధకపు సమ్మేళనాలతో చర్య జరిపి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఈ పొర పలచగా ఉన్నంతకాలం కాంతి దానిలోంచి చొచ్చుకుపోతుంది. పొర పైతలం నుంచి తిరిగివచ్చే కాంతి, అడుగునున్న లోహాన్ని తాకి తిరిగివచ్చే కాంతితో కలిసినప్పుడు కొన్ని రంగులు రద్దయి, మరికొన్ని ప్రస్ఫుటమవుతాయి. తడిరోడ్డు మీద ఒలికిన పెట్రోలు తెట్టెలో రంగులు పుట్టించేది కూడా ఈ ప్రక్రియే. దీన్ని వ్యతికరణం అంటారు. 19వ శతాబ్దారంభంలో థామస్ యంగ్ కాంతి తరంగ సిద్ధాంతంతో దీనికి వివరణ ఇచ్చాడు. కనుక నాణెం మీద రంగుపదార్థమేదీ ఉండదు. కంటికి కనిపించే రంగు పొర మందానికి గుర్తు మాత్రమే. పొర దళసరి అయ్యేకొద్దీ లేత పసుపు, బంగారు రంగు, ఎరుపు కలిసిన ఊదా, ముదురు నీలం, లేత నీలం వరుసగా వచ్చి, ఆ తరువాత రెండో ఆవృత్తిలో మళ్లీ పసుపు, ఊదా, ఆకుపచ్చ కనిపిస్తాయి; చివరకు అన్నీ అణగిపోయి నలుపు మిగులుతుంది. ఈ వరుస తప్పని నియమం కావడం వల్లనే తరువాతి కాలంలో నాణేల పరీక్షకు అది ఆధారమైంది.

మోర్గాన్ డాలరు ఈ మార్పుకు లోనుకావడానికి కారణం దాని వాడకం కన్నా వాడకలేమి. 1878 నాటి బ్లాండ్-అలిసన్ చట్టం ప్రకారం అమెరికా ఖజానా నెలకు 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండిని కొని డాలర్లుగా ముద్రించవలసి వచ్చింది. పశ్చిమ రాష్ట్రాల గనుల యజమానులకు మేలు చేసిన ఈ చట్టం జనానికి అవసరమైనదానికన్నా చాలా ఎక్కువ నాణేలను తయారుచేయించింది. ఇంగ్లండు నుంచి వచ్చిన శిల్పి జార్జ్ మోర్గాన్ రూపొందించిన ఈ నాణెం బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, అందులో వెండి 90 శాతం, రాగి 10 శాతం. అంత బరువైన నాణేన్ని మోసుకు తిరగడం కన్నా దానికి బదులు చెల్లే వెండి ధ్రువపత్రాలనే, అంటే కోరినప్పుడు వెండి ఇస్తామని హామీ ఉన్న నోట్లనే, జనం ఇష్టపడ్డారు. ఫలితంగా మొత్తం 65 కోట్లకు పైగా ముద్రితమైన డాలర్లలో అధికభాగం, వెయ్యేసి నాణేల చొప్పున మూతికట్టిన గుడ్డ సంచుల్లో, టంకశాలల నేలమాళిగలకు చేరింది.

ఆ నిల్వలు మొదటిసారి పెద్దయెత్తున కదిలింది భారతదేశం కోసమే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనిక అవసరాలకు సరుకులు కొనడానికి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం నోట్లను విరివిగా విడుదల చేయగా, ప్రజలు వాటిని వెండి రూపాయలుగా మార్చుకోవడానికి ఎగబడ్డారు. వెండి కొరత ఎంత తీవ్రమైందంటే 1917 నవంబరులో ప్రభుత్వం ఒక రూపాయి నోటును ప్రవేశపెట్టింది. హైదరాబాద్ సంస్థానం కూడా 1918లో కాగితపు నోట్లను తెచ్చింది. బ్రిటన్ అభ్యర్థన మీద అమెరికా 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి, 27 కోట్లకు పైగా డాలర్లను కరిగించింది. వాటిలో సుమారు 25 కోట్ల 90 లక్షల డాలర్ల వెండి ఈ విధంగా రూపాయల ముద్రణకు తరలింది. ఏ సంవత్సరపు డాలర్లు, ఏ టంకశాలవి ఎన్ని కరిగాయో ఎవరూ లెక్క రాయకపోవడంతో, ఎన్ని ముద్రితమయ్యాయన్న అంకెను బట్టి ఒక నాణెం అరుదైనదో కాదో చెప్పడం అసాధ్యమైంది. మూసలోకి వెళ్లని సంచులు మాత్రం మరో నలభై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయాయి.

1962 చివర ఫిలడెల్ఫియా టంకశాల నుంచి పాత సంచులు బయటికి రావడంతో ఆ నిశ్చలస్థితి ముగిసింది. అంతవరకు అత్యంత అరుదైనదిగా పేరుపడి ధరల పట్టికల్లో 1500 డాలర్లు పలికిన 1903 నాటి న్యూ ఆర్లియన్స్ డాలరు సంచులకొద్దీ దొరకడంతో దాని వెల ఒక్కసారిగా కుప్పకూలింది. వెండి ధ్రువపత్రాలు పట్టుకుని జనం ఖజానా ముందు బారులు తీరగా, 1964 మార్చిలో ప్రభుత్వం డాలర్ల చెల్లింపును ఆపివేసింది. అప్పటికి మిగిలిన సుమారు 30 లక్షల నాణేల్లో ఎక్కువభాగం నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీ టంకశాలవి. వీటిని 1972 నుంచి 1980 వరకు విడతలుగా అమ్మినప్పుడు, చేతులు మారని నాణెమని తెలిపే మాటను గీతలు పడినవాటి పెట్టెల మీద ముద్రించనట్లే, రంగు మారినవాటి పెట్టెల మీద కూడా ముద్రించలేదు. ఆనాటి అధికారుల దృష్టిలో టోనింగ్ ఒక లోపమే.

సేకర్తల్లో కూడా చాలాకాలం తెల్లగా మెరిసే నాణేనికే ఆదరణ ఉండేది. థయోయూరియా కలిసిన ఆమ్లద్రావణంలో క్షణకాలం ముంచి సల్ఫైడ్ పొరను కరిగించే పద్ధతిని డిప్పింగ్ అంటారు. రంగుతోపాటు లోహపు పైపొర కూడా కొద్దికొద్దిగా పోతుంది కనుక, పదేపదే ముంచిన నాణెం మీద అచ్చు ఒత్తిడికి లోహం పాకినప్పుడు ఏర్పడిన సన్నని గీతలు చెరిగిపోయి, నాణేన్ని తిప్పినప్పుడు చక్రపు ఆకుల్లా తిరిగే మెరుపు మాసిపోతుంది. తెల్లని నాణేలు ఈ విధంగా జీవం కోల్పోతున్న కొద్దీ, ముట్టని నాణేనికి సాక్ష్యంగా నిలిచే టోనింగ్‌కు గౌరవం పెరిగింది.

సంచిలో ఏర్పడిన టోనింగ్‌ను దగ్గరగా పరిశీలిస్తే అది నాణెం పడి ఉన్న తీరును నమోదు చేసినట్లు కనిపిస్తుంది. సంచి గోడను ఆనుకున్న నాణేనికి, గుడ్డలోని గంధకం తగిలే వైపు మాత్రమే రంగు వచ్చి, రెండోవైపు తెల్లగా మిగులుతుంది. అందుకే బొమ్మ ఇంద్రధనుస్సులా ఉన్నా బొరుసు నిన్న ముద్రించినట్లు ఉండవచ్చు. పక్క నాణెం కప్పిన మేర నెలవంక ఆకారంలో తెల్లని భాగం నిలిచిపోతుంది. కొన్నిటి మీద గుడ్డ నేత పడుగు పేకలతో సహా అచ్చుపడుతుంది. ఉబ్బెత్తు అక్షరాల పక్కనున్న లోతుల్లోకి గుడ్డ దిగదు కనుక, వాటి చుట్టూ రంగు తగ్గిన సన్నని అంచు ఏర్పడుతుంది. అమెరికా నాణేల వ్యాపారి వెయ్ట్ రేమండ్ ప్రచారంలోకి తెచ్చిన అట్ట ఆల్బములు మరో రకం ముద్ర వేశాయి: అట్టలోని గంధకం అంచు నుంచి లోపలికి వ్యాపించడం వల్ల నాణెం మీద ఒకదానిలో ఒకటిగా వలయాలు ఏర్పడ్డాయి.

కృత్రిమ టోనింగ్ చేసేవారు ఈ ఫలితాన్ని దశాబ్దాలు ఆగకుండానే పొందాలని చూస్తారు. కొందరు నాణేన్ని గంధకపు రసాయనాల ఆవిరికి గురిచేస్తారు, కొందరు పొటాషియం సల్ఫైడ్ ద్రావణం పూస్తారు, మరికొందరు ఓవెన్‌లో వేడిచేస్తారు. అయితే తొందరలో పెరిగిన పొరలో రంగుల వరుస తరచుగా తప్పుతుంది: తెల్లని లోహం పక్కనే, మధ్య దశలేవీ లేకుండా, దళసరి పొరకే రావలసిన ఆకుపచ్చ కనిపిస్తే అనుమానించవలసిందే. రంగు కింద మెరుపు లేకపోయినా, తుడిచినప్పుడు పడిన గీతల్లోకి రంగు ఇంకినా, ఆ నాణెం ముందు శుభ్రం చేయబడి తరువాత రంగు తెచ్చుకున్నదని అర్థం.

ఈ తీర్పులు చెప్పే పనిని 1986 నుంచి పీసీజీఎస్, 1987 నుంచి ఎన్‌జీసీ అనే సంస్థలు వృత్తిగా చేపట్టాయి. నాణేన్ని 70 అంకెల కొలమానంపై అంచనావేసి, స్లాబ్ అనే ప్లాస్టిక్ పలకలో భద్రపరిచే ఈ సంస్థలు, రంగు సందేహాస్పదంగా ఉన్న నాణేనికి మామూలు అంకెను నిరాకరిస్తాయి. కాని సంచిలో ఏర్పడినదీ, ఓవెన్‌లో ఏర్పడినదీ ఒకే సిల్వర్ సల్ఫైడ్ కనుక, రసాయన పరీక్ష ఒక్కటే ఈ వివాదాన్ని తేల్చలేదు. పాత అట్ట ఆల్బమును వెతికి కొని, కావాలనే అందులో డాలర్లను అమర్చి, ఏళ్ల తరబడి కిటికీ దగ్గర ఉంచేవాడి నాణేన్ని ఏ వర్గంలో చేర్చాలన్నది నేటికీ తెగని ప్రశ్నే. అందువల్ల వృత్తి పరీక్షకులు వాస్తవంలో అడిగేది రంగు సహజమా కాదా అని కాక, మోర్గాన్ డాలర్లు గడిపిన సంచుల, ఆల్బముల చరిత్రలో అటువంటి రంగుకు అవకాశం ఉందా అని. ఆ చరిత్రతో పొసగిన రంగును విపణి అంగీకరిస్తుంది, పొసగనిదాన్ని, అది ఎంత అందంగా ఉన్నా, వెనక్కి పంపుతుంది.