తిరిగి రావడానికో కాగితం

మనవాళ్ళు నలుగురు కలిసిన చోట, ఇళ్ళ ధరలూ పిల్లల చదువులూ అయ్యాక మాట తప్పకుండా స్టాంపింగ్ దగ్గరికొస్తుంది. "ఈసారి ఇండియా వెళ్తున్నారా?" అంటే, "వెళ్ళాలనే ఉందండీ, స్టాంపింగ్ చేయించుకోవాలి కదా" అని జవాబు. నేనూ కన్సల్టింగ్ ఉద్యోగంలో ఉన్నవాణ్ణే కాబట్టి ఈ సంభాషణ నాకు కంఠతా వచ్చు.

అమెరికాలో ఉండి పనిచేసుకోవడానికి హెచ్-1బి అప్రూవలూ, ఐ-94 గడువూ ఉంటే చాలు. పాస్‌పోర్టులో వీసా ముద్ర ఎప్పుడో చెల్లిపోయినా ఫరవాలేదు. దేశం దాటి మళ్ళీ రావాలన్నప్పుడే దాంతో పని. అంటే ఉండడానికి ఒక అనుమతి, తిరిగి రావడానికి ఇంకొకటి. ఊళ్ళో నాన్నగారికి బాగాలేదని అర్ధరాత్రి ఫోనొచ్చినప్పుడు ఈ తేడా ఎంత బరువో మీలో చాలామందికి తెలుసు. ఈ రెండో అనుమతికి ఉన్న పాత చరిత్ర ఈవేళ చెప్పాలనుకుంటున్నాను. అది మనది కాదు, చైనావాళ్ళది.

1882లో అమెరికా చైనా కూలీల రాకను నిషేధించింది. అప్పటికే ఇక్కడున్నవాళ్ళని మాత్రం పొమ్మనలేదు. 1880 నవంబరు 17 నాటికి ఈ దేశంలో ఉన్న కూలీలు సొంతూరు వెళ్ళి రావచ్చు, అయితే ఓడెక్కే ముందు రేవులో కస్టమ్స్ కలెక్టరు దగ్గర సర్టిఫికెట్టు తీసుకోవాలి. పేరు, వయసు, వృత్తి, ఒంటిమీది గుర్తులు, అన్నీ రాసుకుని ఇచ్చేవారు. 1884లో చట్టాన్ని ఇంకా బిగించి, ఆ కాగితం తప్ప మరో రుజువు చెల్లదన్నారు.

మరి ఆ కాగితం పుట్టకముందే దేశం దాటినవాడి గతేమిటి? చ్యూ హియాంగ్ అనే ఆయన 1881లో హొనలూలూ వెళ్ళి 1884లో తిరిగొచ్చాడు. సర్టిఫికెట్టు లేదని ఆపారు. సుప్రీం కోర్టు ఆయన పక్షాన నిలిచింది. లేని కాగితాన్ని తెమ్మనడం ఏం న్యాయమన్నది దాని సారాంశం. ఆ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తుల్లో స్టీఫెన్ ఫీల్డ్ ఒకరు. ఆయన పేరు గుర్తుంచుకోండి.

ఛే చాన్ పింగ్ 1875 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న కూలీ. 1887 జూన్ 2న, పద్ధతి ప్రకారం సర్టిఫికెట్టు తీసుకునే చైనా వెళ్ళాడు. 1888 సెప్టెంబరు 7న హాంగ్‌కాంగ్‌లో బెల్జిక్ అనే ఓడెక్కాడు. ఆయన నడిసముద్రంలో ఉండగా, అక్టోబరు 1న, అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ స్కాట్ చట్టం మీద సంతకం చేశాడు. నవంబరులో ఎన్నికలు మరి! అప్పటిదాకా ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ ఆ ఒక్క సంతకంతో రద్దు. అవి దాదాపు 20,000 ఉంటాయని లెక్క. అక్టోబరు 8న ఓడ రేవుకి చేరింది. జేబులో కాగితం అలాగే ఉంది. దిగనివ్వలేదు.

ఆయన కోర్టుకెక్కాడు. 1889 మే 13న సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఆయనకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. రాసినది ఆ ఫీల్డ్ గారే. తిరిగి రమ్మని ఇచ్చిన అనుమతి ప్రభుత్వం ఇష్టం ఉన్నంతవరకే, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు అని తేల్చేశారు. పన్నెండేళ్ళు ఒక ఊళ్ళో బతికినవాడికీ కొత్తగా ఓడ దిగినవాడికీ ఆ లెక్కలో తేడా లేదు. నాకు ఈ తీర్పులో మింగుడుపడనిది అదే. చైనా కూలీల నిషేధం 1943లో పోయింది గానీ, ఈ తీర్పుని కోర్టు ఇప్పటికీ కొట్టివెయ్యలేదు.

1894లో చైనాతో కొత్త ఒప్పందం కుదిరాక, కొందరు కూలీలకి మళ్ళీ దారి తెరిచారు. ఇక్కడ భార్యో, బిడ్డో, తల్లిదండ్రులో ఉండాలి; లేదా 1,000 డాలర్ల ఆస్తి గానీ, రావలసిన బాకీలు గానీ ఉండాలి. ఏడాదిలోపు తిరిగి రావాలి. అయినవాళ్ళూ ఆస్తీ ఇక్కడే ఉంటే తిరిగొచ్చే హక్కుంటుందన్నమాట.

ఇక మన సంగతి. హెచ్-1బి 1990 చట్టంతో వచ్చింది. మన సీనియర్లు ఇప్పటికీ కథలా చెబుతారు: అప్పట్లో పాస్‌పోర్టు పోస్టులో విదేశాంగ శాఖకి పంపిస్తే కొత్త ముద్రతో ఇంటికే వచ్చేది. వీసాలకి వేలిముద్రలు తప్పనిసరి కావడంతో, అవి పోస్టులో పంపేవి కాదు గనక, 2004 జులై 16తో ఆ సౌకర్యం ఆపేశారు. ఆ తరవాత ముద్ర కావాలంటే దేశం దాటాల్సిందే. మనవాళ్ళు చెన్నైకి పరిగెత్తేవారు, 2009లో హైదరాబాదు కాన్సులేటులో వీసాలు మొదలయ్యేదాకా. 2024 జనవరి చివర్లో, ఇక్కడుండగానే ముద్ర వేసే ప్రయోగం రెండు నెలలపాటు చేశారు. పరిమితి 20,000 దరఖాస్తులు. రద్దయిన సర్టిఫికెట్లూ అన్నే. కాకతాళీయమే అనుకోండి.

2025 సెప్టెంబరు 19, శుక్రవారం, హెచ్-1బికి లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చింది. ఆదివారం తెల్లవారితే అమలు. సెలవులకి వెళ్ళినవాళ్ళకి కూడా వర్తిస్తుందా అన్నది అందులో తేటగా లేదు. వెంటనే వెనక్కి రమ్మని కంపెనీలు ఈమెయిళ్ళు పంపాయి. ఆ ఆదివారమే తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ, మర్నాటి నుంచి దేవీ నవరాత్రులు. పండక్కని వెళ్ళినవాళ్ళు టికెట్ల కోసం పడిన పాట్లు మీరూ వినే ఉంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కినవాళ్ళు కొందరు, బయల్దేరకముందే దిగిపోయారని వార్తలొచ్చాయి. అదే ఊరు, చూడండి!

శనివారం ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఇకముందు వేసే పిటిషన్లకే రుసుము, చెల్లుబాటయ్యే వీసా ఉన్నవాళ్ళు మామూలుగా వెళ్ళి రావచ్చని. బెల్జిక్ ఓడలో ఉన్నాయనకి అలాంటి శనివారం రాలేదు. తీర్పు వచ్చిన 1889లోనే ఆయన్ని చైనాకి తిప్పి పంపేశారు.